పెద్దపండక్కి లోన్ తీసుకోనా, గాజులు తాకట్టు పెట్టనా?

ప్రశ్న: మాది భీమవరం. మావారు రొయ్యల మేత కంపెనీలో, నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 74,000 వస్తాయి. ఖర్చులు పోను నెలకు పదివేలు మిగిలితే గొప్ప. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. అత్తగారిది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, మా పుట్టిల్లు తణుకు. పోయిన సంక్రాంతికి 92,000 ఖర్చయింది. అందులో 54,000 క్రెడిట్ కార్డు మీద పెట్టాం. అది తీరేసరికి ఆగస్టు వచ్చింది. ఈసారి మా ఆడపడుచుకు పెళ్లయ్యాక మొదటి పండగ, కొత్త అల్లుడు వస్తున్నారు. బాబుకు డెకరేషన్ పెట్టించి భోగిపళ్లు ఘనంగా పోద్దామని ఉంది. దానికే 12,000 అడుగుతున్నారు. సెలవుల్లో అరకు తీసుకెళ్తామని పిల్లలకు మాట కూడా ఇచ్చేశాం. ఇప్పుడు మా దగ్గరున్నది 35,000. లక్ష రూపాయలు పర్సనల్ లోన్ తీసుకోవడం మంచిదా, నా గాజులు బ్యాంకులో పెట్టడం మంచిదా? ఏడాదికోసారి వచ్చే పండగ, పిల్లల కోసమైనా చెయ్యకపోతే ఎలా? పోయినేడాది ఖర్చుల చిట్టా కూడా పంపుతున్నాను. ఇంకో సందేహం: ఆ క్రెడిట్ కార్డు మూసేయమంటారా?

జవాబు: రెండూ వద్దండీ. సంక్రాంతి నెల పట్టకముందే రాశారు కాబట్టి ఇంకా నెలన్నర టైముంది. అప్పు లేకుండానే ఈ పండగ దాటేయొచ్చు.

ముందు చిట్టా సంగతి. బట్టలు 27,000. స్నేహితులు, చుట్టాలు వచ్చినప్పుడు వంటకు 14,000. కారు 9,500. పిండివంటలు 8,000. పెట్టుపోతలు, పనివాళ్ల మామూళ్లు 6,000. పిల్లల బొమ్మలు, తీర్థంలో (జాతరలో) ఖర్చు 4,500. చిల్లరమల్లర 8,000. ఇవి కాక ‘ఆయన చేతికి’ అని 15,000, దాని పక్కన ఇంకేమీ రాయలేదు. భీమవరంలో ఉండి, సంక్రాంతి మూడు రోజులూ మగవాళ్ల జేబులోంచి వెళ్లే క్యాష్ ఎక్కడికి వెళ్తుందో నేను చెప్పక్కర్లేదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

‘పిల్లల కోసమైనా’ అన్నారు కదా. బట్టల్లో పిల్లలిద్దరి వాటా ఆరువేలని మీరే విడిగా రాశారు. బొమ్మలు, తీర్థం కలిపినా పదివేల అయిదొందలు. 92,000లో ఎనిమిదో వంతు కూడా రాలేదు. పిల్లల పేరు చెప్పి అప్పు చేస్తున్నారు గానీ, ఆ అప్పు పిల్లలు చేయించింది కాదు. మీరు గొప్పలకు పోయి చేసిందీ కాదనే నా అభిప్రాయం. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, ఇద్దరు చిన్నపిల్లలతో ఊపిరాడక అన్నీ ఆఖరి మూడు రోజుల్లో కొన్నారు. బట్టల బిల్లులన్నీ జనవరి 11వ తేదీ సాయంత్రానివే. బాబు ఏడుస్తుంటే, పాప నిద్రకు తూలుతుంటే, ఆ రద్దీలో నాలుగు షాపులు తిరిగి ధర చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? చూపించినవాటిలో రెండోదో మూడోదో ప్యాక్ చేయించేస్తాం. తొందరకు ఎప్పుడూ ధర ఎక్కువే.

ఇక అప్పు మాట. మన పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఎవరైనా నోరెళ్లబెడతారు. మీ కార్డు స్టేట్‌మెంట్ మీద ఉన్నది నెలకు మూడున్నర శాతం, అంటే అక్షరాలా మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 54,000కు మొదటి నెల వడ్డీ 1,890, జీఎస్టీ 340, మొత్తం 2,230. మీరు మినిమమ్ డ్యూ అని 2,700 కట్టి ఆ నెలకు గండం గడిచిందనుకున్నారు. అసలులో తగ్గింది 470 రూపాయలు. అలా మొదటి మూడు నెలలు చేశారు, తర్వాత కూడదీసుకుని కట్టారు. ఆగస్టు వరకు వడ్డీ రూపంలో పోయింది 11,000 పైనే ఉంటుందని నా లెక్క. పిల్లలిద్దరి మీద పెట్టిన మొత్తం కంటే అదే ఎక్కువ! ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కార్డు మీద పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఫిబ్రవరిలో పాలప్యాకెట్లు కార్డు మీద కొన్నా, ఆ రోజు నుంచే వడ్డీ. కార్డు పెట్టి ఏటీఎంలో క్యాష్ తీస్తే మరీ అన్యాయం. బాకీ ఉన్నా లేకపోయినా తీసిన రోజు నుంచే వడ్డీ, పైన విడిగా ఫీజు.

పర్సనల్ లోన్ ఇంతకంటే నయమే. 14 శాతం మీద లక్ష రూపాయలు రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 4,800 ఈఎంఐ. మీకు మిగిలే పదివేలలో సగం దానికే పోతుంది. అది తీరేలోపు ఇంకో సంక్రాంతి వచ్చేస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? ఒక పండగ అప్పు మీద ఇంకో పండగ అప్పు. అందుకే వద్దంటున్నాను.

బంగారం మీద అయితే బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకే రావచ్చు. మూడింటిలో చవకైనది ఇదే, కాదనను. కానీ ఏడాది తర్వాత అసలు, వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటే, నెలనెలా గుర్తుచేసేవాళ్లు ఉండరు. గడువు రాగానే వడ్డీ కట్టి తిరగరాయించడం, మళ్లీ ఏడాది... ఇలా వస్తువు బ్యాంకులోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. అదీకాక, కొత్త అల్లుడు వచ్చిన పండక్కి కోడలి చేతికి గాజులు లేకపోతే అత్తగారి వీధంతా మాట్లాడుకుంటుంది. ఈ లెక్క ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఉండదు గానీ, మీ టెన్షన్‌లో మాత్రం ఉంటుంది. ఆసుపత్రి లాంటి అవసరానికి గాజులు అలాగే ఉండనివ్వండి.

మరి డబ్బెక్కడిది? మీ దగ్గర 35,000 ఉంది. డిసెంబరు ఒకటిన, జనవరి ఒకటిన వచ్చే జీతాల్లోంచి పదేసి వేలు కలిపితే 55,000. మంచు రోజుల్లో పిల్లలకు దగ్గు, జ్వరం మామూలే, ఏడువేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగిలిన 48,000తో పండగ. పోయినేడాది మీరు వడ్డీ లేకుండా పెట్టుకోగలిగింది 38,000. దానికంటే ఇది పదివేలు ఎక్కువే.

అన్నిటికంటే ముందు తేలాల్సింది కొత్త అల్లుడి మర్యాద. అల్లుడికి మొదటి పండగ చెయ్యాల్సింది మామగారు, బావమరిదిగా మీవారిది అందులో ఒక వాటా. ఆ వాటా ఎంతో ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడుకోలేదని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఉంగరం అనుకుని మీరు భయపడుతున్నారు. అక్కడ వాళ్లు బట్టలు చాలనుకుంటూ ఉండొచ్చు. ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగమనండి. ఫోన్ మీవారే చెయ్యాలి. కోడలు అడిగితే లెక్కలు చూస్తోందంటారు, కొడుకు అడిగితే బాధ్యతగా ఉన్నాడంటారు. మనవాళ్ల తీరు అంతే మరి! ‘నాన్నా, మా తరఫున పదివేలు పెట్టగలం, దేనికి పెట్టమంటారు?’ అని అంకె చెప్పి అడగాలి. ఏం పెట్టాలి అని ఊరికే అడిగితే అంకె అవతలివాళ్లు చెబుతారు.

బట్టలకు 15,000 పెట్టండి, డిసెంబరు రెండో వారంలోపు కొనేయండి. పిల్లల్ని ఎవరి దగ్గరైనా వదిలి ఇద్దరే వెళ్లండి. అత్తగారికి, మీ అమ్మగారికి చీరలు షోరూములోనే కొనక్కర్లేదు. అమలాపురం పక్కనే బండారులంకలో నేత చీరలు దొరుకుతాయి, ఊరెళ్లినప్పుడు వాళ్లనే తీసుకెళ్లి నచ్చింది కొనిపెట్టండి. వచ్చే ఏడాది నుంచి చుట్టాలకు పెట్టే చీరలు ఆషాఢం తగ్గింపుల్లోనే కొని బీరువాలో పెట్టేయండి. పిల్లల బట్టలు మాత్రం అలా ముందు కొనకండి, ఆర్నెల్లలో పొట్టివైపోతాయి.

కారు విషయంలో మాత్రం నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మూడు రోజులకు మాట్లాడుకున్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీ కారూ కదల్లేదు. కొబ్బరిచెట్టు కింద నిలబెట్టినందుకు అద్దె, డ్రైవరు బత్తా, అతనికి భోజనం. మీకు స్కూలు సెలవులు ముందే ఇస్తారు కాబట్టి, రద్దీ మొదలయ్యేలోపే పిల్లల్ని తీసుకుని బస్సులో వెళ్లిపోండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఆధార్ దగ్గర పెట్టుకోండి. మూడేళ్ల బాబుకు ఎలాగూ టికెట్ లేదు. పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా అమలాపురం, అక్కడికి మామగారు ఆటో పంపిస్తారు. మీవారు భోగి ముందురోజు బండి మీద వస్తారు. ముక్కనుమ వెళ్లాక తణుకుకు, అక్కడి నుంచి ఇంటికి మాత్రం కారు మాట్లాడుకోండి, అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు. దింపి వెళ్లిపోయేలా మాట్లాడుకోవాలి, ఉంచుకోవద్దు. మూడువేలు పక్కన పెట్టండి.

ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది. కోడిపందేలు చూడ్డానికి హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితులకు ఆ వారం భీమవరం లాడ్జీల్లో గది దొరకదు, దొరికినా ఆ అద్దె భరించలేరు. అందుకే మీ ఇంట్లో దిగుతున్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టి రావద్దని అనలేం, అనకూడదు కూడా. కానీ ‘మేం పండక్కి ఊళ్లో ఉండటం లేదు, భోగికి రెండు రోజుల ముందు ఒకపూట భోజనానికి రండి’ అనొచ్చు. ఆ ఒక్కపూటా నాటుకోడి, రొయ్యల వేపుడు దగ్గరుండి వడ్డించండి. అత్తగారింట్లో వంటకు మీరిచ్చేది కూడా కలిపి ఏడువేలు చాలు.

పిండివంటలు మీరే చెయ్యాలన్న పట్టుదల వదిలేయండి. అరిసెల పాకం పట్టే ఓపిక స్కూలు నుంచి వచ్చాక ఎవరికీ ఉండదు. ఇంటి దగ్గర చేసిపెట్టే ఆడవాళ్లకు డిసెంబరులోనే కిలోల లెక్కన చెప్పేయండి. అరిసెలు, జంతికలు, సున్నుండలు... నాలుగువేలు దాటనివ్వకండి. పోయినేడాది మిగిలిపోయిన గవ్వలు మార్చి దాకా తిన్నామని మీరే రాశారు. మామూళ్లకు, పెట్టుపోతలకు మూడువేలు.

భోగిపళ్ల డెకరేషన్‌కు 12,000 ఎందుకండీ? రేగిపళ్లు, చెరుకు ముక్కలు, పూలరెక్కలు, చిల్లర నాణేలు. అత్తగారింటి అరుగు మీద ఇద్దర్నీ కూర్చోబెట్టి వీధిలో పిల్లల్ని పిలిస్తే, ఆ నాణేలు ఏరుకునే గొడవే వాళ్లకు పండగ. మీ బాబుకు బెలూన్ల ఆర్చీ కంటే అదే నచ్చుతుందని పందెం కాస్తాను (ఇదొక్కటే నేను కాసే పందెం). కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మీకు పక్కనే. పదకొండు ఊళ్ల ప్రభలు (దేవుణ్ణి నిలిపి ఊరేగించే ఎత్తైన అలంకరణ చట్రాలు) వస్తాయి, గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తారు. పిల్లల్ని భుజాన ఎక్కించుకుని చూపించడానికి టికెట్ లేదు, జీళ్లకు, బొమ్మలకే ఖర్చు. అన్నీ కలిపి మూడువేలు.

అరకు ఈసారి ఆపండి. మాట ఇచ్చారు కాబట్టి ఎండాకాలానికి వాయిదా వేశామని పాపకు చెప్పండి, ఆరేళ్ల పిల్లకు చెబితే అర్థమవుతుంది. బదులుగా సెలవుల చివర్లో ఒకరోజు నర్సాపురం వెళ్లి, పంటు (బళ్లు కూడా ఎక్కించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి సఖినేటిపల్లి, అక్కడి నుంచి అంతర్వేది. బండితో సహా పంటు ఎక్కడమే మీ బాబుకు పెద్ద వింత. పెట్రోలు, టిఫినుకు పక్కన పెట్టిన తీర్థం డబ్బులోంచే సరిపోతుంది.

ఇక ఆయన చేతి 15,000. కోడిపందేలు, గుండాటల్లాంటి జూదాలు చట్టప్రకారం నేరమని అందరికీ తెలుసు, బరుల దగ్గర ఆ మాట ఎవరూ వినరనీ తెలుసు. మానమని మీరు అంటే గొడవవుతుంది. 48,000లో మిగిలింది మూడువేలు. అది ఆయనది, లెక్క అడగకండి. కానీ ఈ మొత్తం పట్టిక ఇద్దరూ కూర్చుని రాయండి, ఆయన చేతి రాతతోనే. మూడుకు బదులు పదిహేను కావాలంటే ఏ పద్దులోంచి తీయాలో ఆయనే చూపించాలి. చెల్లెలి మర్యాదలోంచా, పిల్లల బట్టల్లోంచా?

వచ్చే సంక్రాంతికి ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టండి. బ్యాంకులో పదకొండు నెలలకు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్), నెలకు 5,000. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా పెట్టండి. జనవరి మొదటివారంలో 55,000, పైన వడ్డీ చేతికొస్తాయి. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి పనికిరాదు, అది అయిదేళ్లది, మూడేళ్లలోపు మూసే వీలుండదు. వీధిలో తెలిసినవాళ్లు నడిపే పండగ చీటీ జోలికి వెళ్లకండి. చీటీ కట్టాలనే ఉంటే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదే చూసుకోండి. తెలిసినవాళ్లు కదా అనే నమ్మకం, వాళ్లు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసేదాకానే. భోగిపళ్ల రోజు పెద్దవాళ్లు పాప చేతిలో పెట్టే నోట్లు మాత్రం మీ పర్సులో కలిపేయకండి. పాపకు పదేళ్లు దాటలేదు కాబట్టి సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పొదుపు పథకం) ఖాతా తెరవొచ్చు. ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు, ఈ మధ్య వడ్డీ 8.2 శాతం ఇస్తున్నారు.

కార్డు మూసేయాలా అని అడిగారు. అక్కర్లేదు. యాప్‌లోకి వెళ్లి లిమిట్ 20,000కు తగ్గించండి, క్యాష్ తీసే సదుపాయం ఆపేయండి, మొత్తం బాకీ గడువు తేదీకి ఖాతాలోంచి దానంతటదే కట్టేలా ఆటోపే పెట్టండి. ఆటోపే పెట్టేటప్పుడు ‘మినిమమ్ డ్యూ’, ‘టోటల్ డ్యూ’ అని రెండు అడుగుతుంది. రెండోది నొక్కండి.