ద్రాక్షారామం గోడల మీద దీపాల లెక్క

ప్రశ్న: కార్తిక మాసంలో ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి వెళ్ళాము. గోడల మీదా స్తంభాల మీదా చెక్కిన పాత అక్షరాలను చూసి, అవి మంత్రాలని మా వెంట వచ్చిన పెద్దాయన అన్నారు. నిజమేనా? స్వామివారికి అభిషేకం పై అంతస్తులో ఎందుకు జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అవి మంత్రాలు కావు. చాలావరకు దానశాసనాలు, వాటిలోనూ ఎక్కువగా కనిపించేవి, స్వామి సన్నిధిలో రేయింబవళ్ళు వెలగవలసిన అఖండ దీపాలకు చేసిన ఏర్పాట్లు. దీపం పెట్టించదలచిన దాత ఒక మందను, తరచు 50 పశువులను, ఆలయానికి సమర్పించేవాడు. ఆ మందను ఒక బోయడు, అంటే పశువుల కాపరి, స్వీకరించి, అందుకు బదులుగా రోజూ మానెడు నెయ్యి దీపానికి పోస్తానని ఒప్పుకొనేవాడు. ఈ బాధ్యత అతనితో తీరిపోదనీ, కొడుకులకూ మనుమలకూ సంక్రమిస్తుందనీ శాసనంలోనే రాసి ఉంటుంది. రాజుల బిరుదావళి గంభీరంగానే ఉంటుంది గాని, నా మట్టుకు నాకు ఆ కాపరుల పేర్లే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

రాజరాజ నరేంద్రుని కుమారుడై ఉండి 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుని కాలంలోనూ, వెలనాటి చోడుల ఏలుబడిలోనూ ఇలాంటి దానాలు ముమ్మరంగా జరిగాయి. శాసనాల్లోని శక సంవత్సరానికి 78 కలిపితే మనకు తెలిసిన లెక్క వస్తుంది. శకం 1000 అంటే 1078 అన్నమాట. సంస్కృత శ్లోకమైతే చిక్కు కాస్త ఎక్కువ: అంకెకు బదులు మాట ఉంటుంది, నేత్రాలంటే 2, వేదాలంటే 4, పైగా వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి.

ఇక అభిషేకం సంగతి. ఇక్కడి గర్భగుడి రెండంతస్తులది. కింది అంతస్తులో మొదలైన లింగం పై అంతస్తు దాకా లేచి ఉంటుంది కనుక, శిరోభాగానికి జరిగే పూజ పైనే జరుగుతుంది. సామర్లకోట కుమారారామంలోనూ ఇదే పద్ధతి. దాన్ని కట్టించిన చాళుక్య భీముడే (892–922) ద్రాక్షారామాన్నీ కట్టించాడని చెబుతారు. రెండు ఆలయాల పోలిక చూస్తే ఆ మాట నమ్మదగినదిగానే ఉంది. గోదావరి ఒండ్రునేలలో తవ్వితే మట్టే గాని రాయి దొరకదు. ఇంత రాతి కట్టడానికి కావలసినదంతా బయటి నుంచి మోసుకు రావలసిందే.

ఈసారి వెళ్ళినప్పుడు స్తంభాల దగ్గర కాసేపు ఆగి చూడండి. ఆ కాలపు తెలుగు లిపిలో కొన్ని అక్షరాలను, కొంచెం ఓపిక పడితే, మీరే పోల్చుకోగలరు.