‘స్థానికులకు 30 శాతం తగ్గింపు’ గిట్టుబాటేనా?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది కావలి. నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒక వాటర్ పార్కు వారు ‘స్థానికులకు టికెట్‌పై 30 శాతం తగ్గింపు’ అని మా బస్టాండు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. టికెట్ 900 రూపాయలు, జీఎస్టీ అదనం. తగ్గింపు సోమవారం నుంచి గురువారం వరకే. పండుగ సెలవుల్లో వర్తించదు. జిల్లా చిరునామా ఉన్న ఆధార్ చూపాలన్నారు. నాకు పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా నా కార్డులో ఇప్పటికీ మా పుట్టింటి చిరునామా, ‘కందుకూరు, ప్రకాశం జిల్లా’ అనే ఉంది. మేము నలుగురం. పిల్లలిద్దరూ గేటు దగ్గరి ఎత్తు గీత దాటిపోయారు కాబట్టి నాలుగూ పెద్దల టికెట్లే. లోపల నైలాన్ దుస్తులకు మనిషికి 100 అద్దె, లాకర్‌కు 150. బయటి తిండి రానివ్వరు, భోజనం మనిషికి 250. మా వారికి సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. ఒక్క రోజు మూస్తే వెయ్యి రూపాయలు పోతాయి. ఈ తగ్గింపు మాకు నిజంగా గిట్టుబాటవుతుందా, లేక పేరుకేనా?
— ఒక గృహిణి, కావలి

సమాధానం: మీరు అంకెలన్నీ రాసి పంపారు కాబట్టి ఊహించి చెప్పే అవసరం లేకుండా పోయింది. ముందుగా లెక్క చూద్దాం. పూర్తి ధరకైతే నాలుగు టికెట్లు 3,600 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 648, వెరసి 4,248. తగ్గింపు ధరకైతే టికెట్లు 2,520, జీఎస్టీ 453 రూపాయల 60 పైసలు, వెరసి 2,973 రూపాయల 60 పైసలు. అంటే మీకు మిగిలేది 1,274 రూపాయల 40 పైసలు. అయితే దుస్తుల అద్దె, లాకర్, భోజనం కలిపి మరో 1,550 రూపాయలు మీరు ఎలాగూ కట్టాలి, వాటిపై స్థానికులకు పైసా తగ్గదు. వాటిని కూడా కలుపుకుంటే ఆ రోజు ఖర్చు పూర్తి ధరకు 5,798 రూపాయలు, తగ్గింపు ధరకు 4,523 రూపాయల 60 పైసలు అవుతుంది. బోర్డు మీది 30 శాతం ఇంటి ఖర్చులోకి వచ్చేసరికి 22 శాతమైంది. ఇందులోంచి కొట్టు మూసినందుకు పోయే వెయ్యి రూపాయలు తీసేస్తే మీ చేతిలో మిగిలేది 274 రూపాయలు మాత్రమే.

ఇక్కడ జీఎస్టీ గురించి ఒక మాట చెప్పాలి. పార్కుల ప్రవేశ టికెట్లపై 2017లో 28 శాతంగా మొదలైన ఈ పన్నును 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. తగ్గింపును బిల్లులోనే చూపినప్పుడు, అది పోగా మిగిలిన ధర మీదనే పన్ను లెక్క కట్టాలి. మీ విషయంలో పన్ను వేయవలసింది 630 మీద, 900 మీద కాదు. పొరపాటున 900 మీద వేస్తే ఒక్కో టికెట్‌కు 48 రూపాయల 60 పైసలు, నాలుగింటికి 194 రూపాయల 40 పైసలు మీరు అనవసరంగా కట్టినట్లవుతుంది. వెనకాల క్యూ ఎంత తొందరపెడుతున్నా, కౌంటర్ దగ్గర బిల్లు చేతికి రాగానే ఈ ఒక్క వరుస చూసుకోండి.

274 రూపాయల కోసం ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ పని రోజున వెళ్ళడం వల్ల డబ్బు లెక్కలోకి రాని లాభం ఒకటుంది. నిరుడు మే నెలలో ఒక ఆదివారం మా చెల్లెలి పిల్లలను తీసుకుని ఒక పార్కుకు వెళ్ళాను. ఎత్తైన జారుడుబల్ల ఎక్కడానికి ఇనుప మెట్ల మీద, ఎండకు కాలిన పట్టాల మీద, తడి కాళ్ళు మార్చి మార్చి నిలబడి నలభై నిమిషాలు వేచి ఉన్నాము. కిందికి జారడానికి పట్టింది పదిహేను సెకన్లు. సాయంత్రం దాకా ఉండి పిల్లలు ఎక్కినవి ఐదంటే ఐదు. అదే టికెట్‌తో పని రోజున వెళ్ళినవారు ఇంతకు రెండింతలో మూడింతలో ఎక్కగలరు. కాబట్టి టికెట్ ధరను మనిషికింత అని కాకుండా పిల్లలు ఎన్నిసార్లు ఎక్కారన్న దానితో భాగించి చూడండి. సోమవారపు 630 రూపాయలకు, ఆదివారపు 900కు మధ్య అసలు తేడా అక్కడ తెలుస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, మీ కుటుంబానికి ఇది గిట్టుబాటయ్యే మార్గం ఉంది, కానీ రోజును మీరు ఎంచుకోవాలి. మీ వీధిలో కొట్లకు వారపు సెలవు సోమ, గురువారాల మధ్య వస్తే, ఆ రోజున, వేసవి సెలవుల్లో, వెళ్ళండి. అప్పుడు వెయ్యి రూపాయలు పోవు, పిల్లల బడి పోదు, 1,274 రూపాయలూ మీవే. వేసవి సెలవులను ‘పండుగ సెలవుల’ కింద లెక్క కడతారేమో ముందే ఫోన్ చేసి అడగండి. బడి ఉన్న రోజున పిల్లలను మాన్పించి, కొట్టు మూసి వెళ్ళడం మాత్రం దండగ.

ఇక మీ ఆధార్ సంగతి. మన ఇళ్ళలో కోడళ్ళలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. నేను చెప్పిన ఆ ఆదివారం నాడే మా ముందు నిలబడిన కుటుంబంలో భర్తకు, పిల్లలకు స్థానిక ధర ఇచ్చి, భార్య కార్డులో పుట్టింటి ఊరు ఉందని ఆమెకు పూర్తి ధర వేశారు. పదేళ్ళుగా అదే ఊళ్ళో కాపురముంటున్న ఆమె పరాయిదైపోయింది. చంకలో తడి తువ్వాలు పెట్టుకుని, ఏమనాలో తెలియక భర్త ముఖం చూస్తూ నిలబడింది. ఇది సరైన పద్ధతి కాదని నేను గట్టిగా చెబుతాను. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది: 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకి వెళ్ళింది, కానీ మీ కార్డు మీది అక్షరాలు మాత్రం ఎప్పుడూ మారలేదు. జిల్లా గీతలు ఎప్పుడెలా మారినా కందుకూరు పిన్ కోడ్ 523105గానే, కావలి పిన్ కోడ్ 524201గానే ఉన్నాయి. అందుకే స్థానికత నిర్ణయించడానికి జిల్లా పేరు కన్నా పిన్ కోడ్ మేలు. అమెరికాలో డిస్నీలాండ్ వారు దక్షిణ కాలిఫోర్నియా నివాసులకు ఇచ్చే ప్రత్యేక టికెట్లకు ఇదే పద్ధతి పాటిస్తారు. అక్కడి పిన్ కోడ్ అయిన జిప్ కోడ్ 90000 నుంచి 93599 మధ్య ఉండాలని స్పష్టంగా రాస్తారు.

మీరు వెళ్ళే ముందు పార్కు వారికి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో, బియ్యం కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు వంటివి చూపితే ఒప్పుకుంటారా అని అడిగి, వచ్చిన జవాబును దాచుకోండి. నోటి మాట కౌంటర్ దగ్గర పనికి రాదు. ఎలాగూ ఆధార్‌లో చిరునామా మార్చుకోవడం మంచిదే. కుటుంబ పెద్ద అనుమతితో, వారి చిరునామాకు మార్చుకునే సౌకర్యం ఆన్‌లైన్‌లో ఉంది. మీ వారి కార్డు, వివాహ ధ్రువపత్రం ఉంటే సరిపోతుంది.

‘పేరుకేనా’ అన్న మీ అనుమానానికి జవాబు పూర్తి ధరలో ఉంది. 900 రూపాయలు కట్టి నిజంగా ఎవరైనా లోపలికి వెళ్తున్నారా? ఆన్‌లైన్‌లో ఎవరికైనా, ఏ ఊరివారికైనా 650కే టికెట్ దొరుకుతుంటే, స్థానికులకు తగ్గింది 270 కాదు, 20 రూపాయలే. ఆషాఢం సేల్‌లో చీర మీద ముందు ధర పెంచి తర్వాత సగానికి తగ్గించే పద్ధతిని మన ఆడవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. ఇక్కడా అదే కన్నుతో చూడండి. పార్కు వారి సైట్‌లో స్థానికులు కానివారి ధరను ఒకసారి, కాలేజీ విద్యార్థుల ధరను ఒకసారి చూసి పోల్చుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. సాధారణంగా ఒక టికెట్‌కు ఒకే తగ్గింపు ఇస్తారు కాబట్టి రెండూ కలిసి వస్తాయని ఆశ పెట్టుకోకండి.

బోర్డులో చెప్పినట్లు ఇవ్వకపోతే అడిగే హక్కు మీకుంది. తగ్గింపు ఇవ్వడం, ఇవ్వకపోవడం పార్కు యజమాని ఇష్టం. కానీ ఇస్తామని ప్రకటించాక కౌంటర్ దగ్గర మాట మారిస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి రావచ్చు. బోర్డును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెమలకపోతే, పార్కు ఏ ఊళ్ళో ఉన్నా మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ప్రశ్న: మాది ఒంగోలు. నెల్లూరులో ఉండే మా అన్నయ్య కుటుంబంతో కలిసి వెళ్తే, ఒకే పార్కులో, ఒకే నీళ్ళలో ఆడుకోవడానికి వాళ్ళకొక ధర, మాకొక ధర. బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చేది మేము, తగ్గింపు వాళ్ళకా? ఇది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: మీ బాధ అర్థమైంది. అయినా నేను పార్కు వారి పక్షానే, ఒక షరతుతో, మాట్లాడతాను.

వాటర్ పార్కుకు ఖర్చంతా ముందే పడిపోతుంది. రెండు వందల మంది వచ్చినా రెండు వేల మంది వచ్చినా పంపులు తిరగాలి, నీరు శుద్ధి చేయాలి, కొలను గట్టున ఈత తెలిసిన కాపలా మనుషులు నిలబడాలి. మంగళవారం ఖాళీగా పోయిన చోటు, ఖాళీ సీట్లతో కదిలిన ఆర్టీసీ బస్సు లాంటిది. ఆ సీటును మర్నాడు అమ్ముకోలేరు. పని రోజున అనుకోగానే బయలుదేరి రాగలిగింది దగ్గరివాళ్ళే కాబట్టి ఆ ఖాళీని వాళ్ళకు తక్కువకు ఇస్తారు. దానివల్ల మీరు కట్టే ధర పెరగనంత వరకు మీకు నష్టం జరిగినట్లు కాదు. పైగా ఆదివారాల్లో ఆ ఊరి రోడ్లపై రద్దీని, వేసవిలో భూగర్భజలాలు తగ్గే బాధను భరించేది కూడా పార్కు చుట్టుపక్కలవాళ్ళే. నా షరతు ఒక్కటే: స్థానికులకు తగ్గించడం కోసం బయటివారి ధరను పెంచకూడదు. తగ్గింపు ప్రకటించిన నెలలోనే పూర్తి ధర కూడా పెరిగితే, మీ కోపం న్యాయమైనదే.

ఈ పద్ధతి మనకు కొత్తది కూడా కాదు. కావలి దగ్గర ముసునూరు, ఒంగోలుకు ఇవతల టంగుటూరు టోల్‌ప్లాజాలను చూడండి. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నియమాల ప్రకారం టోల్‌ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారు తమ సొంత కారుకు తక్కువ ధరకు నెల పాసు తీసుకోవచ్చు. అక్కడ కారణం బలమైనది: పొలానికో ఆసుపత్రికో రోజూ వెళ్ళేవారికి ఆ రహదారి తప్ప దారి ఉండదు. తాజ్‌మహల్‌కు భారతీయులు 50 రూపాయలు, విదేశీయులు 1,100 రూపాయలు చెల్లించడానికి కూడా, ఆ కట్టడం మన పన్నులతో నిలబడుతోందన్న కారణం ఉంది. ప్రైవేటు పార్కుకు అలాంటి బాధ్యత ఏదీ లేదు. అది వ్యాపారం కోసం ఇచ్చే తగ్గింపు, అలాగే చూడాలి.

అయితే టోల్‌ప్లాజా పద్ధతిలో పార్కులు నేర్చుకోవలసినది ఒకటుంది. అక్కడ కొలత జిల్లా కాదు, దూరం. పార్కుకు పదిహేను కిలోమీటర్లలో ఉండి కూడా పక్క జిల్లా అయినందుకు పూర్తి ధర కట్టేవారు ఉంటారు. అదే జిల్లాలో తొంభై కిలోమీటర్ల అవతల ఉండి తగ్గింపు పొందేవారూ ఉంటారు. ఈ తేడాను సమర్థించడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

మీ విషయంలో ఒక ఉపాయం చెబుతాను. రెండు కుటుంబాలు కలిస్తే తల లెక్క పెరుగుతుంది. చాలా పార్కుల్లో బృందాలకు వేరే ధర ఉంటుంది, దానికి చిరునామా చూడరు. మీ అన్నయ్యగారిని స్థానిక తగ్గింపు పక్కన పెట్టి, అందరికీ కలిపి బృందం ధర ఎంతో అడగమనండి. ఒక్కోసారి మొత్తంగా అదే చవక.

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వేసవిలో మా కోడలి తల్లిదండ్రులతో కలిసి వెళ్తున్నాము. అక్కడి డిస్నీ పార్కులో రాష్ట్ర నివాసులకు తక్కువ ధర టికెట్లు ఉంటాయట. అబ్బాయి పేరు మీద మా అందరికీ అవి కొనవచ్చా? మా మనవడికి ఆగస్టులో పదేళ్ళు నిండుతాయి.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

సమాధానం: కొనకూడదు. 1971 అక్టోబరు 1న మొదలైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫ్లోరిడా నివాసుల టికెట్లు నిజంగానే ఉన్నాయి, కానీ వాటిని వాడే పెద్దలు తమ నివాసానికి రుజువు చూపాలి. కొడుకు నివాసం తల్లిదండ్రులకు వర్తించదు. గేటు దగ్గర ఆపితే అప్పటికప్పుడు పూర్తి ధర కట్టవలసి వస్తుంది, ఆ వయసులో అంత దూరం వెళ్ళి తలవంపులు కూడా. మీ అబ్బాయి, కోడలు, మనవడు నివాసుల టికెట్లు తీసుకుని, మీ నలుగురికి మామూలు టికెట్లు తీసుకోండి. అక్కడ 2018 అక్టోబరు నుంచి తేదీని బట్టి ధర మారుతుంది. నివాసుల టికెట్లు కొన్ని తేదీల్లో చెల్లకపోవచ్చు కాబట్టి, ఏడుగురూ ఒకే రోజున లోపలికి వెళ్ళగలిగే తేదీని ముందు చూసుకుని, ఆ తర్వాతే కొనమనండి.

మన దగ్గర ఎత్తును బట్టి పిల్లల టికెట్ ఇచ్చినట్లు కాకుండా అక్కడ వయసు చూస్తారు: మూడేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వరకు పిల్లల ధర, పది నిండితే పెద్దల ధర. మీరు వెళ్ళేది ఆగస్టుకు ముందే అయితే మనవడికి పిల్లల టికెట్ చాలు. రెండింటికీ తేడా కొన్ని డాలర్లే కాబట్టి, దాని కోసం విమానం తేదీ మార్చుకోవలసిన పని లేదు.