ఆటలు, బొమ్మల పనుల ద్వారా చిన్న పిల్లలకు స్పానిష్ నేర్పితే నిజంగా భాష వస్తుందా?

టెక్సస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో వారానికి రెండు అరగంటల చొప్పున స్పానిష్ చెబుతున్నారనీ, ఆటలూ బొమ్మల పనులూ పెడితే పిల్లలు సంతోషిస్తున్నారు కానీ భాష నిలవడం లేదనీ, అందువల్ల మళ్లీ పదాల పట్టికలే వల్లె వేయించాలా అనీ మీరు అడిగారు. నేను ఇదే రాష్ట్రంలో రెండో తరగతి నుంచి అయిదో తరగతి వరకు పిల్లలకు చాలా ఏళ్లుగా స్పానిష్ చెబుతున్నాను. పట్టికల వైపు వెళ్లవద్దనే నా సలహా. అయితే ఏ పనినైనా ఎంచుకునే ముందు, ఒక్క స్పానిష్ మాట కూడా పలకకుండా పిల్లలు దాన్ని పూర్తి చేయగలరా అని చూసుకోండి. చేయగలిగితే ఆ పనిని మార్చాలి.

మెక్సికోలో కుటుంబాలు కలిసి కూర్చుని ఆడే లోతెరీయానే తీసుకుందాం. ఇటలీలో పుట్టి, స్పెయిన్ మీదుగా 18వ శతాబ్దంలో మెక్సికో చేరిన ఈ ఆటలో 54 బొమ్మల చీట్లు ఉంటాయి. ఆడేవారి ముందు 16 గళ్ల అట్ట ఉంటుంది. పిలిచే మనిషి ఒక్కొక్క చీటీ తీస్తూంటే, తమ అట్ట మీద ఆ బొమ్మ ఉన్నవారు దానిపై ఒక చిక్కుడు గింజ పెడతారు. చాలా తరగతుల్లో దీన్ని తంబోలా లాగా ఆడించి వదిలేస్తారు, అప్పుడు పిల్లలు వినడం తప్ప మాట్లాడేది ఏమీ ఉండదు. అసలు లోతెరీయాలో పిలిచే మనిషి బొమ్మ పేరును నేరుగా చెప్పకుండా, దాన్ని పొడుపు కథగానో చిన్న పద్యంగానో విప్పుతాడు. తరగతిలో కూడా ఈ పద్ధతినే పాటించండి. పిలిచే పని పిల్లలకే వంతులవారీగా ఇచ్చి, 'ఎస్ ఉన్ అనిమాల్, ఎస్ వెర్దె' (అదొక జంతువు, అది పచ్చగా ఉంటుంది) వంటి రెండు చిన్న వాక్యాలతో కప్పను సూచించమనండి. తక్కినవారు 'లా రానా' (కప్ప) అని గుర్తుపట్టి చెప్పాకే గింజ పెట్టాలి. రెండో తరగతి పిల్లలకు కూడా రంగులు, జంతువులు, పండ్లు తెలిస్తే ఇది సాధ్యమే. అంగడిలో దొరికే చీట్లలో తాగుబోతు, మృత్యువు వంటి బొమ్మలు ఉంటాయి కనుక చిన్న పిల్లల చేత సొంత చీట్లు గీయించడమే మేలు. పుంలింగ పదానికి ఒక రంగు అంచు, స్త్రీలింగ పదానికి మరో రంగు అంచు వేయిస్తే, పుంలింగ పదం ముందు వచ్చే 'ఎల్', స్త్రీలింగ పదం ముందు వచ్చే 'లా' భేదం వివరణ లేకుండానే కంటికి అలవాటవుతుంది.

ఆ చీట్లు గీసే సమయం మరింత విలువైనది. ఒక్కొక్క బల్ల దగ్గర నలుగురు పిల్లలుంటే రెండే కత్తెరలు, తక్కువ రంగు పెన్సిళ్లు పెట్టండి. కావలసినది స్పానిష్‌లోనే అడగాలన్న నియమం పెడితే, 'నెసెసీతో ఎల్ రోహో, పోర్ ఫవోర్' (దయచేసి, నాకు ఎరుపు కావాలి) అనే వాక్యం ఒక్క తరగతిలోనే ఎన్నోసార్లు, నిజమైన అవసరంతో నోట పలుకుతుంది. నా అనుభవంలో ఏ పాటా ఏ పట్టికా ఇంత బలంగా పనిచేయలేదు.

పాపెల్ పికాదో, అంటే పలుచని రంగు కాగితాల్లో బొమ్మలు కత్తిరించి తోరణాలుగా కట్టే కళ, క్రియాపదాలకు ఎంతో అనుకూలం. మెక్సికోలో ప్వెబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విష్కొలోత్ల అనే ఊరు దీనికి ప్రసిద్ధి. అక్కడి పనివారు కాగితాలను దొంతరగా పేర్చి, చిన్న ఉలులతో సుత్తి దెబ్బలు వేస్తూ ఒకేసారి చాలా తోరణాలు కోస్తారు. మన పిల్లలకు మడతపెట్టి కత్తెరతో కోసే పద్ధతి చాలు. 'కోర్తా' (కత్తిరించు), 'ఆబ్రె' (విప్పు), 'పేగా' (అంటించు) అని మీరు ఆజ్ఞ ఇస్తే వారు చేస్తారు. ఇక్కడ స్పానిష్ వ్యాకరణం మనకు ఒక సౌకర్యం కల్పిస్తుంది. సాధారణ నియమాల ప్రకారం మారే క్రియల్లో 'నువ్వు కత్తిరించు' అనే రూపం, 'ఆమె కత్తిరిస్తుంది' అనే రూపం ఒక్కటే. కాబట్టి ఆజ్ఞలు విన్న పిల్లలే మరుసటి తరగతిలో, తమ మిత్రులు ఏం చేస్తున్నారో అవే మాటలతో చెప్పగలుగుతారు.

సంస్కృతి విషయంలో ఒక మాట గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. పెద్ద టోపీలు, కాగితపు మీసాలు పెట్టించి మే 5న సంబరం చేసి దాన్ని మెక్సికో అనడం ఆ ప్రజలకూ, తరగతిలో కూర్చున్న ఆ కుటుంబాల పిల్లలకూ న్యాయం కాదు. ఆ తేదీ 1862లో ప్వెబ్లా దగ్గర ఫ్రెంచి సేనపై సాధించిన విజయానిది, స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. ప్రతి పనినీ ఒక ఊరికో, ఒక జాతికో, ఒక కళాకారుడికో ముడిపెట్టి చెప్పండి. గుడ్డ పొరలు కోసి కుట్టే మోలాలు పనామాలోని గూనా అనే ఆదివాసీ జాతి స్త్రీలవి అని చెప్పి పటంలో చూపితే, స్పానిష్ మాట్లాడే దేశాలు ఎన్నో ఉన్నాయనీ, ఆ దేశాల్లో వేరే మాతృభాషలున్న ప్రజలూ ఉన్నారనీ పిల్లలు గ్రహిస్తారు.

నవంబరు 1, 2 తేదీల్లో వచ్చే దీయా దె మువెర్తోస్‌ను, అంటే మృతుల దినాన్ని, మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. ఇంట్లో వేదిక కట్టి, పోయినవారి ఫొటో, నీళ్లు, ఉప్పు, రొట్టె, కొవ్వొత్తులు, బంతిపూలు పెట్టే ఆ ఆచారాన్ని పెద్దల అమావాస్య తెలిసిన తెలుగు పిల్లలు వెంటనే అర్థం చేసుకుంటారు. మన గుమ్మాలకు కట్టే ఆ బంతి అసలు మెక్సికో ప్రాంతపు మొక్కేనని చెబితే ఆశ్చర్యపోతారు కూడా. అయినా ఇంటి నుంచి ఫొటో తెమ్మని ఎవరినీ బలవంతం చేయవద్దు, ఈమధ్యే ఎవరినో కోల్పోయిన పిల్లలు ఉండవచ్చు. ప్రభుత్వ పాఠశాల కనుక ఆచారం గురించి చెబుతున్నామే తప్ప పూజ చేయించడం లేదని తల్లిదండ్రులకు ముందుగా ఒక ఉత్తరం పంపడం మంచిది.

ఆరుబయట ఆటలకు ఎక్కువ ఏర్పాటు అక్కరలేదు. మన తొక్కుడు బిళ్ల వంటి ఆట స్పానిష్ దేశాల్లోనూ ఉంది, గళ్లలో అంకెలు పలుకుతూ గెంతిస్తే సరిపోతుంది.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కానీ, తెలుగువారిగా మీకొక అనుకూలత ఉంది. స్పానిష్ 'త', 'ద' శబ్దాలు మన దంత్యాలకు చాలా దగ్గర, 'ప', 'త', 'క' లలో ఇంగ్లీషులో వినిపించే ఊపిరి పోటు ఉండదు. మన హ్రస్వ దీర్ఘ భేదం మాత్రం అక్కడ లేదు, అర్థాన్ని మార్చేది ఊనిక, అంటే పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్నది.

సంవత్సరం చివరి పనిగా అలెబ్రిహెలను పెట్టుకోండి. 1936లో మెక్సికో నగరంలో పెద్రో లినారెస్ అనే కాగితపు బొమ్మల కళాకారుడు తీవ్ర జ్వరంలో కలగన్న వింత జంతువులవి. రెక్కలున్న గాడిద, కొమ్ములున్న కోడి వంటి రూపాలను పిల్లలు చేసేటప్పుడు అవయవాలు, రంగులు, నామవాచకం లింగ వచనాలకు తగ్గట్టు విశేషణం మారే పొందిక అన్నీ ఒక్కచోట చేరతాయి. కాగితపు గుజ్జు ఆరడానికి రోజు పైనే పడుతుంది. ఆ విరామంలో వచ్చే తరగతిలో 'తియేనె ఆలాస్ అసూలెస్' (దానికి నీలి రెక్కలున్నాయి) వంటి అయిదారు వాక్యాలు రాయించండి. తరువాత ఒకరి వర్ణన చదివి మరొకరు బొమ్మ గీసి, ఆరిన బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుంటే, రాసిన వాక్యాల్లో ఏది సరిగా అందలేదో పిల్లలే పట్టుకుని దిద్దుకుంటారు.