నైట్రేట్ 80 దగ్గర కదలట్లేదన్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో వారం వారం పది శాతం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) నుంచి దిగట్లేదని రాశావు. దిగదు మరి. 80లో పదో వంతు, అంటే 8, ఆదివారం బయటికి పోతోంది. మళ్లీ ఆదివారం వచ్చేలోగా చేపల తిండి, మలం కలిసి ఇంకో 8 చేరుస్తున్నాయి. ఇరవై శాతం మారిస్తే ఇదే లెక్క 40 దగ్గర ఆగుతుంది. తిండి వల్ల వచ్చేది కూడా సగానికి తగ్గిస్తే 20కి వస్తుంది. రెండూ చెయ్యాలి, ఒక్కదానితో పని జరగదు.

ముందు ఆ 80 నిజమో కాదో చూడు. టెస్టు కిట్ రెండో సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. అర నిమిషం గట్టిగా కుదపకపోతే అంకె తక్కువ చూపిస్తుంది. 40 దాటాక రంగు కార్డులో ఎరుపులన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఒక వంతు ట్యాంకు నీళ్లకు మూడు వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించు.

ఆ తర్వాత, పోసే నీళ్లనూ అదే కిట్‌తో పరీక్షించు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన ప్రమాణాలే ఒప్పుకుంటాయి. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లు అంతకు మించే ఉంటాయి. ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అనకు. రుచి కోసం అందులో టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) సర్దే వాల్వు ఉంటే అది శుద్ధి కాని నీళ్లను మళ్లీ కలిపేస్తుంది. దాన్ని పూర్తిగా మూసి, చివర డీఐ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేది) పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే పట్టుకో. ఆవిరైన నీటికి బదులు పోసేదీ ఇదే అయ్యుండాలి, ఎందుకంటే నీళ్లు ఆవిరైనా నైట్రేట్ ట్యాంకులోనే ఉండిపోతుంది.

నీ నాలుగడుగుల ట్యాంకులో రాళ్లు, ఇసుక తీసేస్తే అసలు నీళ్లు 200 లీటర్లు అనుకో. ఇరవై శాతమంటే 40 లీటర్లు, రెండు వాటర్ క్యాన్లు. లీటరుకు సుమారు 36 గ్రాముల మెరైన్ సాల్ట్ (అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు) చొప్పున కిలోన్నరకు కాస్త తక్కువ పడుతుంది. నీళ్లలో ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు. పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి చేరుతుంది. చిన్న పంపు తిరుగుతుండగా రాత్రంతా కలవనివ్వు. రిఫ్రాక్టోమీటరును (ఉప్పదనం కొలిచేది) 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకుని కొలువు, సాపేక్ష సాంద్రత 1.026కి రావాలి. ఎండాకాలం డాబా మీది డ్రమ్ములో నీళ్లు 35 డిగ్రీలుంటాయి, నీ ట్యాంకు 26. తేడా ఒక డిగ్రీలోపు ఉంటేనే పొయ్యి.

నీళ్లు తీసేముందు హీటరు, రిటర్న్ పంపు (సంపు, అంటే కింది ఫిల్టరు తొట్టి నుంచి నీళ్లు పైకి పంపేది), ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైన నీళ్లకు బదులు తానే పోసేది) మూడూ ఆపు. హీటరు గాలిలో వెలిగితే పగులుతుంది. టాప్-ఆఫ్ మర్చిపోతే మట్టం తగ్గిందనుకుని సంపులోకి మంచినీళ్లు వదిలి ఉప్పదనం పడగొడుతుంది. తీసే 40 లీటర్లూ పైనుంచి తోడకు. రాళ్ల సందులు చిన్న పంపుతో ఊది, ఇసుకలో ఒక మూడో వంతులో పైపు ఆడించి మురికితో సహా లాగు. మిగతా ఇసుక తర్వాతి సార్లకు ఉంచు.

ఆదివారం, బుధవారం చొప్పున ఇలా ఐదుసార్లు చెయ్యి. మధ్యలో చేరేది కలుపుకున్నా 36 దగ్గరికి వస్తావు. అక్కణ్నుంచి వారానికొకసారి చాలు. ఒకేసారి సగం మార్చేద్దామన్న తొందర వద్దు. చేపలు ఓర్చుకున్నా పగడాలు ఓర్చుకోవు. ముఖ్యంగా కొత్త ఉప్పునీళ్ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, dKHలో) 11, నీ ట్యాంకుది 7 అయితే పగడాల కొసలు తెల్లబడతాయి.

ఈలోగా ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి) మూడు రోజులకోసారి ఉతుకు. అందులో చిక్కిన మురికిని అలాగే వదిలితే అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది. గడ్డకట్టిన రొయ్యల మేత టీ వడగట్టులో కడిగి, రెండు నిమిషాల్లో తినేంతే వెయ్యి. పగడాలున్నాయి కాబట్టి చివరికి నైట్రేట్ 5 నుంచి 10 మధ్య నిలిస్తే చాలు. సున్నాకి దించితే డైనోలు అనే గోధుమరంగు జిగట ఇసుకంతా పరుచుకుంటుంది, దాన్ని వదిలించుకోవడం నైట్రేట్ కంటే కష్టం.

ఐదో మార్పు అయిన మర్నాడు కొలిచి, ట్యాంకు నీళ్ల అంకె, పోసిన నీళ్ల అంకె రెండూ రాయి.

ఇట్లు,
బాబాయి