రాగానికెన్ని మార్కులు, అన్వయానికెన్ని?

రంగస్థల కళల విద్యార్థులు, అధ్యాపకులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పీజీ విద్యార్థి ఒకడు ప్రాక్టికల్స్‌లో కృష్ణరాయబారం వేశాడు. గొంతు బంగారం. హాలంతా వన్స్‌మోర్ అంది. నాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. అదేమిటో మార్కుల షీటులో రాయలేకపోయాను. పద్యాన్ని ఎలా తూచాలి? – అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు హార్మోనియం ఆపించండి. అదే పద్యాన్ని రాగం లేకుండా, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు చెప్పమనండి. మీకు కొట్టిన తేడా అక్కడ దొరికిపోతుంది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో (కృష్ణరాయబారం అందులోదే) ఊరూరా తెలిసిన పద్యాన్నే తీసుకుందాం. మొదటి పాదం ‘జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే’. ఛందస్సు శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతిస్థానం. మొదటి అక్షరం ‘జెం’, 13వది ‘జి’. ఆ ‘జి’ ఎక్కడ పడిందో చూడండి: ‘వాజి’ అన్న మాటకి సరిగ్గా నడుమ. యతి అంటే ఆగడం అని నేర్చుకున్న కుర్రాడు ‘సితవా’ అని ఊపిరి పీల్చుకుని, ‘జిశ్రేణి’ అని ఎత్తుకుంటాడు. అర్జునుడి తెల్లగుర్రాలు అక్కడే రెండు ముక్కలైపోతాయి. సంస్కృత శ్లోకంలో యతి విరామమే. శార్దూలవిక్రీడితంలో 12వ అక్షరం తర్వాత ఆగుతారు. తెలుగు పద్యంలో యతి అక్షరమైత్రి మాత్రమే, అంటే పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ ధ్వని కలవడం, ఆగమని ఎవరూ చెప్పలేదు. శ్లోకాలు చదివి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు.

రెండో గొయ్యి పాదం చివర ఉంది. ఆ ‘నే’ రెండో పాదంలోని ‘దండంబుం గొని తోలు స్యందనము’కి చెందింది. నేను కొరడా పట్టి తోలే రథం అని దుర్యోధనుడితో అంటున్నాడు కృష్ణుడు. పాదం అయిపోయింది కదా అని ‘నే’ మీద ఆలాపన ఎత్తితే ‘నేను’ ఒక ఊపిరిలో, ‘తోలే’ మరో ఊపిరిలో పడతాయి. వినేవాడికి రాగం మిగులుతుంది, రథం తోలేదెవరో తెలీదు. ‘కపిరాజు’ తర్వాత చిన్న ఆపు, ‘గూర్చి’ తర్వాత నిండు ఊపిరి, ‘నే’ నుంచి ‘స్యందనము’ దాకా ఒకే దమ్ము. ఇదీ అన్వయం ప్రకారం, అంటే మాటల అర్థసంబంధం ప్రకారం నడక.

ఇక మార్కుల సంగతి. పద్యం అచ్చుకాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. అర్థం ప్రకారం ఆగాల్సిన చోట ముందే నిలువుగీత గీయండి. ప్రదర్శనలో విద్యార్థి ఊపిరి తీసుకున్న చోటల్లా సున్నా చుట్టండి. మాట మధ్యలో పడ్డ ప్రతి సున్నాకీ ఒక మార్కు కోత, 5 దాటకుండా. ఈ కాగితం చేతిలో ఉంటే విద్యార్థి వాదనకి దిగలేడు, మీరూ ‘ఏదో తేడా’ అని రాయక్కర్లేదు.

ఆలాపన సాగుతున్నంతసేపూ పాడేవాణ్ణి చూడకండి, దుర్యోధనుణ్ణి చూడండి. అతను కిరీటం సర్దుకుంటుంటే సన్నివేశం ఆగిపోయిందన్నమాట. తప్పు ఇద్దరిదీ. వన్స్‌మోర్ మన పద్యనాటకం ఆచారమే, కాదనను. పరీక్షలో మాత్రం రెండోసారి పాడిన పద్యం లెక్కలోకి రాకూడదు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి లాంటి పద్యనటుల రికార్డులు విని నేర్చుకోవడం మంచిదే. వాళ్ల గొంతులోని జీరతో సహా దించేస్తే అది అనుకరణ. అనుమానం వస్తే అదే పద్యాన్ని సగం శ్రుతి తగ్గించి పాడమనండి. సొంతంగా నేర్చుకున్నవాడు సర్దుకుంటాడు, కాపీ కొట్టినవాడు తడబడతాడు.

ప్రదర్శనకి 60 మార్కులనుకుంటే నా పంపకం ఇది: వాచికానికి (మాట, పద్యం) 22, ఆంగికానికి (ఒంటి కదలిక) 14, సాత్త్వికానికి (లోపలి భావం) 12, ఆహార్యానికి (వేషం) 6, ఎదుటి పాత్ర మాట వినడానికి 6. ఆహార్యానికి అంత తక్కువా అనకండి. కిరీటం అద్దెకు తెచ్చిందే కదా. మిగతా 40లో చరిత్ర వ్యాసానికి 25, సాధన డైరీకి, వైవాకి కలిపి 15.

ప్రశ్న: ‘భరతుడి నాట్యశాస్త్రం నుంచి నేటి పద్యనాటకం దాకా తెగని ధార’ అని వ్యాసం రాశాను. 25కి 9 వేశారు. నా వాక్యంలో తప్పేముంది? – విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ‘తెగని’ అన్న మాటే. నాట్యశాస్త్రాన్ని పండితులు సుమారుగా క్రీ.పూ. 2, క్రీ.శ. 2 శతాబ్దాల మధ్య పెడతారు. తెలుగులో తొలి నాటకంగా చెప్పే కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీమధుకరీయం 1860 ప్రాంతంది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వ్యవహార ధర్మబోధినిని ఆడించింది 1880లో. సురభి నాటక సమాజం వాళ్లు కడప జిల్లా సురభిలో కీచకవధ వేసింది 1885లో. ఈ మధ్య వందల ఏళ్లు మనవాళ్లు చూసింది యక్షగానాలు, వీధి భాగవతాలు, కలాపాలు. అంతకు ముందే క్రీడాభిరామం ఉందిగా అంటారేమో. పేరుకి అది వీథీ (సంస్కృత నాటక రకాల్లో ఒకటి) రూపకమే, మనకి చేరింది మాత్రం చదువుకునే కావ్యంగా.

పద్యనాటకానికి రంగులు వేసిన తెరలు, చట్రంలాంటి స్టేజీ, హార్మోనియం వచ్చింది పార్శీ, ధార్వాడ నాటక సమాజాల దారిలో. పద్యాన్ని రాగయుక్తంగా పాడటం స్థిరపడటంలో బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల పాత్ర పెద్దది. వీటిలో ఒక్కటీ మీ వ్యాసంలో లేకపోతే 9 కూడా ఉదారమే! సూత్రధారుడు, నాంది (మొదటి ప్రార్థన), విదూషకుడు లాంటివి సంస్కృతం నుంచి తెచ్చుకున్నారు, నిజమే. కానీ అవి పుస్తకం చూసి 19వ శతాబ్దంలో తిరిగి తెచ్చుకున్నవి. తాతనుంచి వచ్చిన ఆస్తికీ, సంతలో కొన్న ఆస్తికీ దస్తావేజు వేరు. మీ వ్యాసంలో ఆ దస్తావేజు కనిపించాలి.

దిద్దేవాళ్లకి ఒక చిట్కా: ప్రతి పేరా పక్కన ‘ఆ’ (ఆధారం ఉంది), ‘ఐ’ (ఐతిహ్యం), ‘ఊ’ (ఊహ) అని రాసుకుంటూ పొండి. కూచిపూడికి ఆద్యుడని చెప్పే సిద్ధేంద్రయోగి కథ ఐతిహ్యంగా రాస్తే తప్పు లేదు. ఆయన కాలం మీద పండితులకి శతాబ్దాల తేడా ఉండగా ఒకే సంవత్సరం వేసి నిశ్చయంగా రాస్తేనే కోయాలి.

ప్రశ్న: భరతుడి కొలతల ప్రకారం నాట్యమండపం నమూనా చేశాడు మా విద్యార్థి. పొడవు 64 అడుగులు, వెడల్పు 32. సరైనదేనా? – అధ్యాపకుడు, వరంగల్

జవాబు: అంకెలు సరే, కొలబద్ద తప్పు. భరతుడు చెప్పింది హస్తాలు. హస్తం దాదాపు అడుగున్నర. మధ్యమ వికృష్ట (మధ్యరకం దీర్ఘచతురస్ర) మండపం 64 హస్తాల పొడవు, 32 వెడల్పు. అంటే 96 అడుగులు, 48 అడుగులు. ముందు సగం, 48 అడుగులు, ప్రేక్షకులకి. వెనక సగంలో రంగపీఠం 12 అడుగుల లోతు, దాని వెనక రంగశీర్షం 12, చివర నేపథ్యం (వేషాలు వేసుకునే చోటు) 24. రంగపీఠానికి అటూ ఇటూ మత్తవారణులు (పక్క వసారాలు). వాటి ఎత్తు, స్థానం మీద వ్యాఖ్యాతలు ఇప్పటికీ తగువు పడుతున్నారు కాబట్టి అక్కడ మార్కులు కోయకండి, ఎవరి అభిప్రాయం తీసుకున్నాడో అడగండి. ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: ఇంతకంటే పెద్దది ఎందుకు వద్దన్నాడు? మాట చెదురుతుంది, ముఖంలోని భావం కనపడదు అని భరతుడే కారణం చెప్పాడు. అది చెప్పినవాడికి థర్మోకోల్ కాస్త వంకరపోయినా పర్లేదు.

ప్రశ్న: భాసుడి ఊరుభంగం వేశారు. దుర్యోధనుడు రంగం మీదే చనిపోయాడు. మరణం చూపకూడదని కదా శాస్త్రం? కోత వేయనా? – పరీక్షకుడు, తిరుపతి

జవాబు: వద్దు. నియమం ఉంది, భాసుడి నాటకంలో ఆ మరణమూ ఉంది. నియమం తెలిసే వేశాడా అన్నది వైవాలో తేల్చుకోండి. కోయాల్సిన చోటు వేరే ఉంది. ఈ దుర్యోధనుడికి తొడలు విరిగాయి. చేతుల మీద ఈడ్చుకుంటూ రావాలి. బరువంతా మోచేతుల మీద, భుజాల మీద పడాలి. చాలామంది తెలీకుండానే మోకాలు మడిచి దాని మీద ఆనుకుంటారు. కొడుకు దుర్జయుడు ఒళ్లో కూర్చుంటానని వచ్చే ఘట్టంలో ఇంకా దొరికిపోతారు. పిల్లవాణ్ణి వద్దని చేతులు అంటున్నప్పుడు తొడ అలవాటుగా సర్దుకుంటుంది. ఆ ఒక్క కదలికతో ఘట్టంలోని కరుణ అంతా పోతుంది. పక్క నుంచి చూస్తేనే కనిపిస్తుంది కాబట్టి ఇద్దరు పరీక్షకుల్లో ఒకరు ఎదురుగా, ఒకరు వింగ్ వైపు కూర్చోండి. మార్కులు విడివిడిగా వేసుకుని, 60కి 8 దాటి తేడా వస్తేనే మాట్లాడుకోండి.