పెళ్లి రోజున అన్నీ తారుమారైన వాళ్లెవరైనా ఉన్నారా?

"వచ్చే నెల నా పెళ్లి. ఏదో ఒకటి తప్పుతుందన్న భయంతో నిద్ర పట్టడం లేదు. పెళ్లిరోజున అన్నీ తారుమారైనా కాపురం బాగున్నవాళ్లు ఉన్నారా?" అని అడిగారు. ఉన్నానమ్మా. నా పెళ్లి 2015 డిసెంబరు 2న, చెన్నైలో జరిగింది.

ఈ తేదీ చెబితే మెడ్రాసు వాళ్లకి మిగతా కథ చెప్పనక్కర్లేదు. మీది ఏ ఊరో తెలియదు కాబట్టి చెబుతాను.

మాది వెస్ట్ మాంబళం. తాతగారి రోజుల్లోనే నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మా ఆయనది గూడూరు. గిండీలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. మా ఇంట్లో వెంటనే ఒప్పుకున్నారు గానీ ఆయన అమ్మగారు రెండేళ్లు ఒప్పుకోలేదు. "మెడ్రాసు పిల్ల, మాటకి ముందు తమిళం, మాటకి వెనక తమిళం, మనింట్లో ఇముడుతుందా" అనేది ఆవిడ మాట. చివరికి సరే అన్నారు. మనసారా అన్నారో, కొడుకు కోసం అన్నారో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నన్ను తొలిచిన విషయం అదొక్కటే. వాన గురించి ఎవరం ఆలోచించలేదు.

నిజానికి ఆలోచించాల్సింది. ఆ నవంబరు నెలలోనే చెన్నైలో వెయ్యి మిల్లీమీటర్లు దాటి కురిసింది. చెరువులన్నీ నిండుగా ఉన్నాయి. ఇక ఎంత కురుస్తుందిలే అనుకుని జాఫర్‌ఖాన్‌పేటలో అడయార్ నదికి దగ్గరగా ఉన్న కల్యాణ మండపానికి బయానా కట్టేశాం.

డిసెంబరు 1 పొద్దున్నుంచి వాన తెరిపివ్వలేదు. తాంబరం వైపు ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడిందని తరవాత తెలిసింది. సాయంత్రం ఆరింటికి ఆయన ఫోన్ చేసి, "అమ్మావాళ్లు గూడూరు స్టేషన్‌కి బయల్దేరారు, నేను పొద్దున్నే ఎట్టైనా వస్తా" అన్నారు. ఆ తరవాత సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. కరెంటు అంతకుముందే పోయింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల నీళ్లు వదిలారు. అడయార్ పొంగి సైదాపేట, ఈక్కాట్టుతాంగల్, జాఫర్‌ఖాన్‌పేట మీదికి వచ్చింది. మండపంలో దించిన కూరగాయలు, పందిరి సామాను, వంటవాళ్ల పాత్రలు అన్నీ నీళ్లపాలు. వంటవాళ్లు పై అంతస్తుకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. తెల్లారుజామున వాళ్లలో ఒకతను ఈత కొట్టినంత పనిచేసి మా ఇంటికొచ్చి చెప్పేదాకా మాకు ఈ సంగతే తెలియదు.

ఆ పొద్దున నాన్న మెట్ల మీద కూర్చుని పేపరు కోసం చూస్తున్నారు. ది హిందూ రాలేదు. ఆ రోజు చెన్నైలో అసలు అచ్చే కాలేదట, 1878లో ఆ పత్రిక మొదలైనప్పటినుంచీ ఎప్పుడూ అలా జరగలేదట. నాన్నకి ఆ సంగతి అప్పుడు తెలియదు. "పేపరు కూడా రాలేదు, ఇక పెళ్లికొడుకేం వస్తాడమ్మా" అని పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ముహూర్తం పది దాటాక పన్నెండు నిమిషాలకి. ఎనిమిదిన్నరకి ఆయన వచ్చారు.

టీ.నగర్‌లో ఆయన గదికి, మా ఇంటికి మధ్య రైల్వే లైను. మామూలుగా దురైసామి సబ్‌వే దాటితే చాలు. ఆ రోజు సబ్‌వే నీళ్లతో నిండిపోయింది. రంగనాథన్ వీధిలో నడుము లోతు నీళ్లలో, తలుపులేసిన బట్టల దుకాణాల మధ్య నడిచి, మాంబళం స్టేషన్ వంతెనెక్కి ఇటువైపు దిగారు. పండగ రోజుల్లో ఆ వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు, ఆ పొద్దున తన ముందు ఒక్క మనిషి కూడా కనపడలేదని చెబుతుంటారు. తోడు వాళ్ల మేనమామ ఒక్కరే. నెత్తిన స్టీలు టిఫిన్ డబ్బా, దాని మూతకి గుడ్డ బిగించి కట్టారు. లోపల జీలకర్ర, బెల్లం, పసుపుతాడు, ఒక పసుపుకొమ్ము.

నన్ను చూసి, "అమ్మావాళ్లు రాలేదు" అన్నారు. అంతే. నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఒప్పించడానికి రెండేళ్లు పట్టిన మనిషి లేకుండా పెళ్లేమిటి? పోనీ వాయిదా వేస్తే, "ఆ పిల్ల పెళ్లికి ఊరే మునిగింది" అన్న మాట జన్మంతా మోయాలి. ఈ రెండో మాట నేను పైకే అన్నాను. "మా అమ్మ అట్టా అనదు" అన్నారాయన. నేను నమ్మలేదు.

మా పురోహితులు విల్లివాక్కం నుంచి రాలేకపోయారు. అయోధ్య మండపం దగ్గర ఉండే ఒక తమిళ వాధ్యార్‌ని తమ్ముడు బతిమాలి తీసుకొచ్చాడు. "తాళి కట్టేదే కదా ముహూర్తం, ఈ జీరగం వెల్లం ఎందుకు?" అని ఆయన అడిగితే అమ్మమ్మ గట్టిగానే చెప్పింది: "మాకు తాళి తరవాత స్వామీ. నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టిన క్షణమే లగ్నం." ఆ తరవాత మంత్రం ఆయనది, క్రమం అమ్మమ్మది.

మధుపర్కాలు అత్తయ్య పెట్టెలో గూడూరులో ఉన్నాయి. అమ్మ తెల్ల నేతచీర అంచులకి పసుపు రాసి కట్టుకున్నాను. అడ్డుతెరగా నాన్న కొత్త పంచె పట్టుకున్నారు. తమలపాకులు పైవాటా మామి డాబా మీది తీగ నుంచి కోసిచ్చింది. మేళగాళ్లు లేరు. ముహూర్తం వేళకి వీధిలోని పిల్లలు పళ్లేలు కొట్టారు, ఆ చప్పుడులోనే ఒకరి నెత్తి మీద ఒకరం చెయ్యి పెట్టుకున్నాం. ఆయన చెయ్యి వణుకుతోంది. చలికి అనుకున్నాను. తరవాత ఆయన చేతి మీదుగా నా నుదుటి మీద పడింది నీటిబొట్టు కాదు, కన్నీరు.

పుస్తెల దగ్గర ఆగాం. మా ఆచారంలో రెండు పుస్తెలు, పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి, ఒకే పసుపుతాడుకి గుచ్చి కడతారు. పుట్టింటి పుస్తె అమ్మ దగ్గరుంది. అత్తింటి పుస్తె అత్తయ్య దగ్గరుంది. దాని స్థానంలో పసుపుకొమ్ము కట్టి మూడు ముళ్లు వేశారు. బంగారు పుస్తె లేకపోతే పసుపుకొమ్ము సరిపోతుందని పెద్దలు అనడం విన్నాను గానీ అది నా మెడలోకే వస్తుందనుకోలేదు.

భోజనాలు ఇంట్లో ఉన్న బియ్యంతో పులిహోర, సాంబారన్నం. పిలిచిన నాలుగు వందల మందిలో పదిమంది కూడా రాలేదు. కింది ఇళ్లు మునిగి మా మేడ మీదికి చేరినవాళ్లు అరవై మంది తిన్నారు, నైటీలతో, లుంగీలతో. అక్షింతలు వేసింది వాళ్లే. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ మా పెళ్లిరోజుకి ఫోన్ చేస్తారు.

పదహారు రోజుల పండగకి ధనుర్మాసం వచ్చేస్తుందని పదకొండో రోజే చేశారు. అత్తయ్య, మావయ్య వచ్చారు. నేను భయంతో తలెత్తలేదు. ఆవిడ పెద్దగా మాట్లాడలేదు, పుస్తె పసుపుతాడుకి గుచ్చే పనిలో ఉన్నారు. మావయ్యే చెప్పారు. ఆ రాత్రి రైలు రాదని తెలిసినా ఆవిడ గూడూరు స్టేషన్ నుంచి కదల్లేదట. పుస్తె కొంగున ముడేసుకుని తెల్లవార్లూ ప్లాట్‌ఫాం మీదే కూర్చున్నారట. పదీ పన్నెండుకి లేచి నిలబడి మెడ్రాసు వైపు తిరిగి అక్షింతలు చల్లారట. ఆ డబ్బాలో జీలకర్ర, బెల్లం, పసుపుకొమ్ము పెట్టుకోమని, తను రాలేకపోయినా లగ్నం తప్పించొద్దని, ఫోన్లు పోయే ముందు కొడుకుకి చెప్పింది కూడా ఆవిడే.

ఆయన ఆ మాట నాకు ఎందుకు చెప్పలేదని తరవాత చాలాసార్లు పోట్లాడాను. "చెప్పాను కదా, మా అమ్మ అట్టా అనదని" అంటారు.

మీరు అడిగారు కాబట్టి ఒక్కటి చెబుతాను. పుస్తెలు, జీలకర్ర బెల్లం, పసుపుతాడు ముందురోజే మీ ఇద్దరి ఇళ్లలోనూ ఉంచుకోండి, ఒక్కచోటే పెట్టకండి. మండపం, వంట, మేళం సంగతి పెద్దవాళ్లకి వదిలేయండి. పడుకునే ముందు అతనికి ఒకసారి ఫోన్ చెయ్యండి.

పుస్తె గుచ్చాక అత్తయ్య ఆ పసుపుకొమ్ముని పారేయనివ్వలేదు. విప్పి, కళ్లకద్దుకుని, పుస్తె ముడేసిన ఆ కొంగుకే ముడేసుకుని గూడూరు తీసుకెళ్లారు. ఇప్పటికీ ఆవిడ దేవుడి అలమరలో, కుంకుమభరిణె పక్కన ఉంది.