ముర్రా దున్నల మీద పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

హర్యానాలోని కర్నాల్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఏదో దున్నపోతుల వీర్యం మీదట అన్నయ్యా, పెళ్లివాళ్లు అడిగితే ఏమని చెప్పను" అని వాపోయింది. పడీపడీ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మా రోజుల్లో మైక్రోస్కోపే దిక్కు. స్ట్రా, అంటే వీర్యాన్ని గడ్డకట్టించి దాచే సన్న గొట్టం, కరిగించాక 50 శాతం కణాలు చురుగ్గా కదిలితే పాస్. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల కణాలు. అన్నీ పాసైన దున్న పల్లెకెళ్లి ఫెయిలైతే ఎందుకో తేల్చే దారి లేదు. కణం డీఎన్‌ఏ మీద అంటుకుని జన్యువుల పనిని మార్చే మిథైల్ గుర్తులతో నువ్వు ఆ సంగతి తేలుస్తానంటుంటే గర్వంగానే ఉంది.

ల్యాబ్ పని నీకు తెలిసిందే. వీర్యకణంలో డీఎన్‌ఏ ప్రొటమిన్లనే ప్రొటీన్లతో బిగుసుకుని ఉంటుంది, డీటీటీ రసాయనం లేనిదే విడిపోదు. తెల్ల రక్తకణాలు కలిస్తే లెక్క మొత్తం చెడుతుంది, ముందు వాటిని వదిలించుకో. ఆవు జీనోమ్‌తో పోల్చకు, గేదెది ఉంది. మిథైల్ గుర్తుల్ని చదవడానికి బైసల్ఫైట్ రసాయనం కలిపాక, డీఎన్‌ఏలో మిథైల్ లేని 'సి' అక్షరం కాస్తా 'టి'గా కనిపిస్తుంది. పుట్టుకతోనే 'టి' ఉన్నచోట కూడా మిథైల్ పోయిందని మోసపోతావు.

నా భయమంతా ఏ దున్న స్ట్రాలతో ఎన్ని గేదెలు చూడి కట్టాయో రాసే రిజిస్టర్ గురించే. ఏది మంచి దున్న, ఏది కాదు అని నీకు చెప్పేది అదే కదా!

ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక వీర్య కేంద్రంలో చూశాను. చక్కటి ముర్రా దున్న, దూకుడు, కదలిక, రంగు దేనికీ వంక లేదు. ఎండాకాలం అయ్యాక పల్లెల నుంచి రిపోర్ట్ వచ్చింది, దాని స్ట్రాలు వేసిన గేదెలు చాలామటుకు తిరగపొర్లాయని, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చాయని. మీటింగ్ పెట్టి, పావుగంటలో పనికిరాదని తేల్చి, వేలం వేసేశారు. ఆ స్ట్రాలు ఎక్కడికి వెళ్లాయో ఎవరూ అడగలేదు. దాదాపు అన్నీ ఒక్క మెట్ట ప్రాంతానికే వెళ్లాయి. అక్కడికి స్ట్రాలను గడ్డకట్టి ఉంచే ద్రవ నైట్రోజన్ బండి ఆలస్యంగా వచ్చేది, క్యాన్లలో మట్టం అడుగంటేది. స్ట్రా నంబర్ చదవడానికి స్ట్రాలు పెట్టే కప్పును, అదే గాబ్లెట్‌ను, క్యాన్ మూతిపైకి ఎత్తి తీరిగ్గా చూసేవాళ్లు, ఆలోపు స్ట్రాలు వేడెక్కేవి. పైగా ఎండల్లో గేదెలది మూగ ఎద, పైకి కనిపించదు, సరైన వేళకు వీర్యం సూది వేయడం ఎవరి తరం? చూడి పరీక్ష చేయని గేదెల్ని కూడా 'కట్టలేదు' గడిలో రాసేశారు. కాలువ కింద ఊళ్లకు వెళ్లిన కొద్దిపాటి స్ట్రాలతో గేదెలు బాగానే కట్టాయి. ఆ కాగితం వచ్చేసరికి దున్న వేలంలో పోయింది.

ఆ దున్న నీ జాబితాలో 'తక్కువ సంతాన శక్తి' కింద ఉందనుకో. దాని డీఎన్‌ఏ మీద ఏవో తేడాలు నీకు దొరకకుండా ఉండవు, లక్షల చోట్ల వెతుకుతావు కాబట్టి. వాటికి సంతాన శక్తిని పట్టిచ్చే మార్కర్ అని పేరు పెట్టి పేపర్ రాస్తావు. తప్పేమో నైట్రోజన్ బండిది!

అందుకని ముందే పట్టుబట్టు. చూడి పరీక్ష చేసిన గేదెల్నే లెక్కలోకి తీసుకో. సూది వేసింది ఎవరు, ఏ ఊళ్లో, ఏ నెలలో అన్నది ప్రతి వరుసలో ఉండాలి. ఒక్కో దున్న స్ట్రాలు చాలామంది చేతుల మీదుగా వెళ్లి ఉండాలి. గైడ్ విసుక్కుంటే విసుక్కోనీ, చిన్నప్పుడు మీ తాతయ్యతో వాదించినంత మొండిగా వాదించు. నీకా విద్య బాగా వచ్చు.

నమూనా తేదీ కూడా చూసుకో. దున్నలో కణం తయారవడానికి 38 రోజులు, ఆబోతులో 61. ఆపైన కణాలు ముదిరే ఎపిడిడిమిస్ గొట్టంలో ఇంకొన్ని రోజులు. మే ఎండ దెబ్బ జూన్, జూలై స్ట్రాల్లో తేలుతుంది. లేత దున్నవీ ముదురువీ ఒక గాటన కట్టకు, వయసుతో కూడా మిథైల్ మారుతుంది.

ఇక దున్న దగ్గరికి ఒంటరిగా వెళ్లకు. ముక్కుతాడు ఉందిలే, సాధువేలే అని ఎవరు చెప్పినా నమ్మకు. ఎదురుగా అస్సలు నిలబడకు. నైట్రోజన్ ఆవిరికి ఊపిరాడదు, ఆ గదిలో తలుపు వేసుకుని పనిచేస్తే మాత్రం నేనే వచ్చి చెవి మెలిపెడతా. జనవరిలో అక్కడ పొగమంచుకి ఎదురుగా మనిషి కనిపించడట, స్కూటీ అప్పుడే కొనకు. టెన్షన్ పడి తిండి మానేయకు.

నమూనాల పట్టిక తయారవగానే నాకో కాపీ పంపు. డీఎన్‌ఏ కాలమ్‌ల జోలికి రానులే. ఊళ్ల పేర్లు, నెలలు చూస్తాను.

మీ మామయ్య